పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ళకు వ్యాయామం: రాయగడ బ్యాచ్‌కి వారపు పట్టిక ఎలా వేయాలి?

నాగావళి (రాయగడ)

ఒడిశాలోని రాయగడలో ఆడవాళ్ళ కోసం ఉదయం బ్యాచ్ ఒకటి మొదలవుతోంది. వచ్చేవాళ్ళలో చాలామంది 19 నుంచి 38 ఏళ్ళ లోపు, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే అండాశయ సమస్య) అని డాక్టరు తేల్చినవాళ్ళు. మందుల చీటీ చివర "బరువు తగ్గాలి, నడవాలి" అని మాత్రం ఉంటోంది. ఎంతసేపు, ఎంత జోరుగా, ఏ బరువుతో అన్నది ఉండదు.

హాల్లో 2 కిలోల, 5 కిలోల డంబెల్స్, చాపలు, కుర్చీలు, బయట అరుగు ఉన్నాయి. ట్రెడ్‌మిల్ లేదు. సగం మంది వారానికి రెండు రోజులే రాగలరు, మిగతాది ఇంటి దగ్గర చేసుకోవాలి. పట్టిక ఎలా వేయాలో చెప్పండి. ఇంకో సందేహం కూడా ఉంది. బరువులెత్తితే మగ హార్మోను పెరిగి గడ్డం మీద వెంట్రుకలు ఎక్కువవుతాయని తల్లులు భయపడుతున్నారు. దానికి ఏం జవాబు చెప్పాలి?

బరంపురం ఫిజియో

ముందు ఆ భయం సంగతి చూద్దాం. పీసీఓఎస్‌లో వెంట్రుకలు పెరగడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఇన్సులిన్. శరీరం ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని మగ హార్మోన్లు తయారుచేయమని తొందరపెడుతుంది. కాలేయం తయారుచేసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను కూడా తగ్గిస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచేది ఆ ప్రోటీనే. అది తగ్గితే విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. కండ గట్టిపడితే ఇన్సులిన్ పని సులువవుతుంది కాబట్టి బరువులెత్తడం ఈ జబ్బులో మేలే చేస్తుంది. వ్యాయామం అయిన కాసేపు టెస్టోస్టిరాన్ కొద్దిగా పెరిగి దిగిపోవచ్చు, దానివల్ల గడ్డం రాదు. ఇది తల్లులను కూర్చోబెట్టి చెప్పండి, లేకపోతే రెండో వారానికి పిల్లలను మాన్పిస్తారు.

పట్టికకు ఆధారం ఇంకో సంగతి. కండ పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తుంది, ఆపైన ఆ గుణం తగ్గిపోతుంది. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు చెమటోడ్చి మిగతా వారమంతా కూర్చుంటే లాభం తక్కువ. వరసగా రెండు రోజులకు మించి ఖాళీ రాకుండా వేయండి.

లెక్కలు 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాల్లో ఉన్నాయి. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం. దానికి తోడు పక్కపక్కన కాని రెండు రోజులు కండలకు పని. కొంత బరువు తగ్గాలన్నా, తగ్గింది మళ్ళీ రాకూడదన్నా కనీసం 250 నిమిషాలు మధ్యస్థం లేదా 150 నిమిషాలు గట్టిది. ఫలానా వ్యాయామమే మిగతావాటికంటే గొప్పదని ఆ మార్గదర్శకాలు చెప్పలేదు. చేసే మనిషి మానకుండా చేయగలిగిందే ఎంచుకోమన్నాయి.

వంశధార సిస్టర్ (గుణుపూర్)

నాగావళి గారూ, పట్టిక కంటే ముందు చేరేరోజు అడగాల్సినవి ఉన్నాయి.

నెలసరి వచ్చి 90 రోజులు దాటిందా అని అడగండి. దాటితే ముందు గర్భపరీక్ష, తర్వాత డాక్టరు దగ్గరికి. నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతుంది, అది వ్యాయామంతో సరిపెట్టే విషయం కాదు. ఇంకొందరికి చాలా ఆలస్యంగా వచ్చి రోజుల తరబడి విపరీతంగా పోతుంది. వాళ్ళకు రక్తం తక్కువుంటుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మనం అది ఒళ్ళు బరువు వల్ల అనుకుంటాం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత, 8 కంటే తక్కువుంటే తీవ్రం. తీవ్రంగా ఉన్నవాళ్ళను వైద్యం మొదలయ్యేదాకా జోరు వ్యాయామంలో పెట్టకండి.

మన రాయగడ, కోరాపుట్ వైపు తప్పనిసరిగా అడగాల్సింది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ళ లోపువాళ్ళకు పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు, ఆ కార్డు తెమ్మనండి. జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టరు అనుమతి లేకుండా వద్దు. జబ్బు లేకుండా ఆ జన్యు లక్షణం మాత్రమే మోసేవాళ్ళు అన్నీ చేయొచ్చు. కానీ మొదటి రోజుల్లోనే పరుగు పందేలు, ఎండలో గుక్క తిప్పుకోకుండా చేసే వరసలు కూడదు. నీళ్ళు తాగుతూ, మధ్యమధ్యలో ఆగుతూ, వారాల మీద పెంచాలి. కాళ్ళు ఉన్నట్టుండి బలం లేకుండా వాలిపోయినా, కండల్లో నొప్పి వచ్చినా "కొంచెం ఓర్చుకో" అనకూడదు. వెంటనే ఆపి, చల్లని చోటికి చేర్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చక్కెర పరీక్ష పరగడుపున ఒక్కసారి చూసి వదిలేస్తున్నారు. పీసీఓఎస్‌లో 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే పరీక్ష నమ్మకమైనది. రాత్రి గట్టిగా గురక, పగలు తూగు ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పించండి. నిద్రలో ఊపిరి ఆగే ఇబ్బంది వీళ్ళలో ఎక్కువ.

జయపురం కోచ్

బరువుల రోజుల సంగతి రాస్తాను. ఆరు కదలికలు చాలు. ఎక్కువ పెడితే ఏదీ సరిగా రాదు.

కుర్చీ గుంజీలు. మోకాలి ఎత్తున్న గట్టి కుర్చీ గోడకు ఆనించాలి. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్ళు కాస్త బయటికి. మూడు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా దిగి, కుర్చీకి పిర్రలు తగలగానే లేవాలి. కుర్చీలో కూలబడితే పని సగం పోయినట్టే. లేచేటప్పుడు మోకాళ్ళు లోపలికి పడుతుంటే బరువు తగ్గించి, రెండో వేలు చూపే వైపే మోకాలు వెళ్ళేలా చూపించండి.

సంచి ఎత్తడం. 5 కిలోల బియ్యం సంచి రెండు చేతులతో తొడల ముందు పట్టుకోవాలి. మోకాళ్ళు కొద్దిగా వంచి, వెనక ఉన్న తలుపును పిర్రలతో నెట్టినట్టు నడుము వెనక్కి జరపాలి. సంచి తొడలను రాసుకుంటూ మోకాళ్ళ కిందికి వస్తుంది. వీపు గుండ్రమైతే అక్కడే ఆగాలి. తొడ వెనక లాగితే సరిగా చేస్తున్నట్టు, నడుము లాగితే తప్పు చేస్తున్నట్టు. నాట్లు, కలుపుతీతలకు వంగే ఆడవాళ్ళు వీపుతోనే వంగడానికి అలవాటు పడి ఉంటారు. ఈ ఒక్కదానికి మొదటి రెండు వారాలు ఎక్కువ సమయం ఇవ్వండి.

గోడ దండీలు. గోడకు చేయి చాపినంత దూరం నిలబడి చేయాలి. సులువైతే బల్ల అంచు మీద, తర్వాత అరుగు అంచు మీద. చేతులు పెట్టే చోటు ఎంత కిందికి దిగితే అంత కష్టం.

సంచి లాగడం. ఒక చేయి కుర్చీ మీద ఆనించి, రెండో చేత్తో సంచిని లేదా డంబెల్‌ను నేల నుంచి నడుము పక్కకు లాగాలి. మోచేయి పక్కటెముకలను రాసుకుంటూ రావాలి. భుజం చెవి దాకా లేస్తే బరువు ఎక్కువైనట్టు.

అరుగు ఎక్కడం. మెట్టు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు. పాదం మొత్తం మెట్టు మీద ఉండాలి. కింద ఉన్న కాలితో ఎగరకుండా పైకాలితోనే లేవాలి.

మోత. రెండు చేతుల్లో సమాన బరువులతో నిటారుగా 30 నుంచి 40 అడుగులు నడవాలి. ఇంట్లో అయితే మూతలున్న నీళ్ళ డబ్బాలు. లీటరు నీళ్ళు కిలో కాబట్టి లెక్క సులువు. ఒకే చంకలో బిందె పెట్టుకుని నడిచే అలవాటుకు ఇది మంచి విరుగుడు.

ఒక్కో కదలిక 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు, మధ్యలో ఒకటిన్నర నిమిషం విరామం. ఆపేసరికి ఇంకో రెండు మూడు సార్లు చేయగల ఓపిక మిగలాలి. ఇంకో పది చేయగలిగితే ఆ బరువు చాలనట్టే. రెండు విడతల్లోనూ 12 తేలిగ్గా వస్తే పైవారం కిలో, కిలోన్నర పెంచి మళ్ళీ 8కి దిగండి. 2 కిలోల దగ్గరే ఆరు నెలలు ఉండిపోవడం ఆడవాళ్ళ బ్యాచ్‌లలో ఎక్కువగా కనిపించే లోపం. బరువు పెరగకపోతే కండ గట్టిపడదు.

ఊపిరి బిగపట్టనివ్వకండి. లేచేటప్పుడు వదలాలి, దిగేటప్పుడు పీల్చాలి. రక్తపోటు ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

రోజంతా పొలంలో, ఇంట్లో నడుము వంచేవాళ్ళకు కూడా ఇదంతా కావాలా? మా వైపు అమ్మాయిలు నీళ్ళు మోస్తారు, కట్టెలు తెస్తారు. వాళ్ళకూ పీసీఓఎస్ వస్తోంది కదా.

బరంపురం ఫిజియో

మంచి ప్రశ్న. ఆ పని శ్రమే, లెక్కలోకి వస్తుంది. ఆయాసం వచ్చేలా బరువు మోసుకుంటూ 20 నిమిషాలు నడిస్తే అది మధ్యస్థ వ్యాయామమే. అలాంటివాళ్ళకు నడక నిమిషాలు తగ్గించండి, అలసిన ఒంటి మీద ఇంకో గంట వేయకండి. పొలం పనిలో లేనిది ఒకటే. బరువు క్రమంగా పెరగదు, ఒకవైపు కండలే అరుగుతాయి. వాళ్ళకు వారానికి రెండు రోజుల బరువుల పని అరగంట చాలు. సీజను పనికి, ఖాళీ నెలలకు వేరు పట్టికలు ఉండాలి.

ఇంట్లో కూర్చునే ఉద్యోగాలు, కుట్టు మిషన్ పని చేసేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగాలి.

నడక జోరు ఎలా కొలవాలంటే, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థం. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి వ్యాయామం. అడుగుల్లో అయితే నిమిషానికి 100 దగ్గర మొదలు, అంటే పది సెకన్లకు 16, 17. ఫోను లేనివాళ్ళకు కూడా ఇది నేర్పొచ్చు. కబుర్లతో సాగే సాయంత్రపు షికారు నిమిషానికి 80 అడుగులు కూడా ఉండదు. అది మనసుకు మంచిదే, 150లో మాత్రం కలపకండి.

మొదటి వారం రోజుకు 15 నిమిషాలు, ఐదు రోజులు. ప్రతివారం ఒక్కో నడకకు 5 నిమిషాలు కలపండి. నాలుగో వారానికి 30 నిమిషాల చొప్పున 150 వస్తుంది, ఎనిమిదో వారానికి 50 నిమిషాల చొప్పున 250. మొదటి రోజే గంట నడిపిస్తే పిక్క ఎముక ముందువైపు నొప్పి, మడమ నొప్పి మొదలై మూడో వారం నుంచి రారు. పొద్దున మొదటి అడుగుకే మడమలో పొడిచినట్టుంటే నడక సగానికి తగ్గించి, పలచటి హవాయి చెప్పులు మాన్పించి, మెట్టు అంచున మడమలు దించి ఎత్తే పని రోజు విడిచి రోజు చేయించండి. రాయగడ ఘాట్ రోడ్డు మీద నడిచేవాళ్ళకు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పెడతాయి. దిగుడులో అడుగులు చిన్నవి చేయమనండి.

జయపురం కోచ్

నడక ఇష్టం లేని చిన్న వయసువాళ్ళకు విడతల జోరు పెట్టొచ్చు కదా? నిమిషం వేగంగా అరుగు ఎక్కి దిగడం, నిమిషం నెమ్మది, పది విడతలు. తక్కువ సమయంలో అయిపోతుంది. గుండె ఓపిక బాగా పెరుగుతుంది.

వంశధార సిస్టర్ (గుణుపూర్)

అందరికీ ఒద్దు కోచ్ గారూ. రక్తం తక్కువున్నవాళ్ళు, సికిల్ లక్షణం ఉన్నవాళ్ళు, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ఒకే వరసలో నిలబడి పక్కవాళ్ళతో పోటీ పడతారు. అక్కడే ప్రమాదం. పిల్లల కోసం హార్మోను సూదులు వేయించుకుంటున్నవాళ్ళు కూడా ఉండొచ్చు. ఆ రోజుల్లో అండాశయం ఉబ్బి ఉంటుంది, గెంతితే మెలితిరిగే ప్రమాదం ఉంది. వాళ్ళకు మామూలు నడకే.

బరంపురం ఫిజియో

ఇద్దరి మాటా నిజమే. విడతల జోరు గుండె, ఊపిరితిత్తుల ఓపికను, ఇన్సులిన్ స్పందనను బాగుచేస్తుంది. "పీసీఓఎస్ వాళ్ళు జోరుగా చేస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి జబ్బు ముదురుతుంది" అని వీడియోల్లో చెప్పేదానికి ఆధారం లేదు. కాకపోతే ఆరు వారాల మామూలు నడక, సిస్టర్ గారు చెప్పిన పరీక్షలు అయ్యాకే మొదలుపెట్టాలి. వారానికి ఒక్కరోజు, ఒక నడకకు బదులుగా. ఆరు విడతలతో మొదలుపెట్టి పదికి పెంచండి. ముందు ఐదు, వెనక ఐదు నిమిషాలు నెమ్మదిగా. గట్టి వ్యాయామం ఒక్క నిమిషం మధ్యస్థం రెండు నిమిషాలతో సమానం. సమయం దొరకని తల్లులకు ఇది పనికొస్తుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తిండి గురించి నేను కలుపుతాను. ఆ చదువు నాది.

పొద్దున వ్యాయామానికి ముందు పూర్తి భోజనం అక్కర్లేదు. కళ్ళు తిరిగేవాళ్ళు అరటిపండు సగమో, గ్లాసు చోడి (రాగి) అంబలో తాగి రావచ్చు. మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ పని సులువు చేసే మాత్ర) ఒక్కటే వాడేవాళ్ళకు చక్కెర బాగా పడిపోవడం అరుదు. వాళ్ళను బాధపెట్టేది కడుపు తిప్పడం, విరేచనాలు. మందు తిండితో వేసుకోవాలి. వెంట్రుకలు తగ్గడానికి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ మాత్ర వాడేవాళ్ళకు లేచి నిలబడగానే తల తిరగొచ్చు, చాప మీది నుంచి నెమ్మదిగా లేవమనండి.

ఎండాకాలం మన ఇళ్ళల్లో మధ్యాహ్నం పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం). అది మాన్పించే పని పెట్టుకోకండి, ఎవరూ వినరు. అన్నం ఒక గరిటె తగ్గించి పక్కన గుడ్డు, చేప, వేయించిన వడియాలకు బదులు ఉలవలు, గట్టి పెరుగు పెట్టించండి. గుడ్డులో 6 గ్రాములు, 50 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 11 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క కిలో శరీర బరువుకు 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్ళు 1 గ్రాము దాటేలా చూసుకుంటే మేలు. రాత్రి అన్నం తిన్నాక 10, 15 నిమిషాలు తిరిగితే తిన్న తర్వాత ఎగిరే చక్కెర తగ్గుతుంది. అది నిమిషాల లెక్కలో లేకపోయినా దాని పని దానిది.

అన్నం మానేసి రెండు పూటలా వ్యాయామం చేసే అమ్మాయిలను గమనించండి, ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్ళను. ఒంటికి తిండి చాలకపోతే మెదడే నెలసరిని ఆపేస్తుంది. అలాంటప్పుడు కూడా స్కానింగ్‌లో అండాశయం నిండా చిన్న తిత్తులు కనిపించొచ్చు, దాన్ని పీసీఓఎస్ అని పొరబడతారు. డైటింగ్ మొదలుపెట్టాకే నెలసరి ఆగిందంటే వాళ్ళకు కావాల్సింది తిండి, విశ్రాంతి, హార్మోన్ల పరీక్ష. ఇంకో అరగంట నడక కాదు.

నాగావళి (రాయగడ)

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకో రెండు అడుగుతాను. 14, 15 ఏళ్ళ పిల్లలను కూడా తల్లులు తెస్తున్నారు. వాళ్ళను చేర్చుకోవచ్చా? కాటాలో ముల్లు కదలకపోతే బాగుపడుతున్నట్టు ఎలా తెలుస్తుంది?

వంశధార సిస్టర్ (గుణుపూర్)

చేర్చుకోండి. ఆ వయసుకు రోజుకు కనీసం గంట ఆట, వారానికి మూడు రోజులు కండకు, ఎముకకు పని. కబడ్డీ, ఖోఖో, తాడాట అన్నీ సరిపోతాయి. రజస్వల అయిన మొదటి ఎనిమిదేళ్ళ వరకు స్కానింగ్ చూసి పీసీఓఎస్ అనకూడదు, ఆ వయసులో అండాశయం సహజంగానే అలా కనిపిస్తుంది. స్కానింగ్ కాగితం ఒక్కటే పట్టుకుని వచ్చిన పిల్లకు జబ్బు ముద్ర వేయకండి. అందరి ముందు బరువు తూచొద్దు. పెద్దవాళ్ళకు కూడా ఇదే చెబుతాను. పీసీఓఎస్‌లో దిగులు, ఆందోళన ఎక్కువ, ఒళ్ళు గురించి ఒక్క మాట పడితే మళ్ళీ రారు.

బరంపురం ఫిజియో

కొలతలకు నాలుగు చాలు. నడుము చుట్టుకొలత నాలుగు వారాలకోసారి, కింది పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు హద్దు. రెండోది చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో. మూడోది ఏ బరువు ఎన్నిసార్లు ఎత్తారో. నాలుగోది నెలసరి తేదీలు. 35 రోజుల లోపు వస్తున్నాయా, ఏడాదికి ఎనిమిది దాటాయా అన్నది చూడండి. కొవ్వు తగ్గి కండ పెరిగితే కాటా కదలదు, నడుము మాత్రం తగ్గుతుంది. బరువు అసలు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, గుండె ఓపిక మెరుగవుతాయి. మూడు నెలలకోసారి సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ చూపిస్తే చక్కెర ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. వెంట్రుకల విషయంలో మాత్రం ఆశ పెట్టొద్దు. మందులు వాడినా ఆరు నెలలు పడుతుంది, వ్యాయామంతో ఒక్కదానితో పోవు.

పెళ్ళయినవాళ్ళకు ఒక మాట తప్పక చెప్పండి. నెలసరి గాడిన పడుతుంటే అండం విడుదల కూడా మొదలవుతుంది. ఇప్పుడే పిల్లలు వద్దనుకునేవాళ్ళు "మాకు రాదులే" అనుకోకూడదు.

నాగావళి (రాయగడ)

ఇలా వేశాను: సోమ, మంగళ హాల్లో బరువులు, బుధ నుంచి శని నడక, ఆది సెలవు. ఏప్రిల్, మే నెలల్లో 5 గంటలకు మొదలుపెట్టి 6:30 లోపు ముగింపు. వానల్లో నడక బదులు హాల్లోనే అరుగు మెట్టు మీద, పాటకు అడుగులు.

జయపురం కోచ్

బరువుల రోజులు పక్కపక్కన వచ్చాయి, కండకు తేరుకునే సమయం ఉండదు. సోమ, గురు చేయండి. నడక మంగళ, బుధ, శుక్ర, శని, ఆది. వానకు అరుగు తడిస్తే జారుతుంది, గోనె వేస్తే ఇంకా జారుతుంది. మెట్టు లోపలికి తెచ్చి రబ్బరు చాప మీద పెట్టండి.

నాగావళి (రాయగడ)

మార్చేశాను. నెలసరి రోజుల్లో మానాలా? పెళ్ళిళ్ళప్పుడు రెండు వారాలు రాకపోతే మళ్ళీ మొదటి నుంచా?

బరంపురం ఫిజియో

నెలసరికి మానక్కర్లేదు. నొప్పి, రక్తస్రావం ఎక్కువుంటే ఆ రోజు తేలిక నడక. గంటకో ప్యాడు మార్చాల్సి వస్తుంటే వ్యాయామం కాదు, ఆసుపత్రి. రెండు వారాల ఖాళీ తర్వాత బరువు మూడింట రెండొంతులకు దించి, ఒక్కో కదలిక ఒకే విడత. నడక ఆపేముందు ఉన్నదానికి పది నిమిషాలు తక్కువ. ఆ వారం ఒళ్ళునొప్పులు లేకుండా గడిస్తే పైవారం పాత లెక్కకు వెళ్ళిపోవచ్చు. నెల దాటితే మూడో వారం పట్టికతో మొదలుపెట్టండి.